ఆవిడతో మాటల్లేవు

పేరమ్మకి రెండు కిడ్నీలూ పనిచెయ్యడం లేదని తెనాలిలో డాక్టరు చెప్పినప్పుడు ఆవిడ ఏడవలేదు. ఎన్నాళ్ళు బతుకుతానని కూడా అడగలేదు. "వారానికి మూడు రోజులు మిషను మీద పడుకోవాలంటున్నారు గదండీ. పొద్దుగూకేలోపల ఇంటికి చేరతానా?" అని మాత్రం అడిగింది.

ముసలామెకి సంగతి అర్థం కాలేదేమోనని డాక్టరు పక్కనున్న కోడలు పద్మజ వైపు చూశాడు. అత్తకి అంతా అర్థమైందని పద్మజకి తెలుసు. ప్రాణం మీదికొచ్చినా ఆవిడ ధ్యాసంతా సముద్రపొడ్డున గంగమ్మ గుడి మీదే ఉంది. సందెవేళకి అక్కడ దీపం పెట్టాలి.

వాళ్ళది రేపల్లె నించి హార్బరు వైపు పోతుంటే సరుగుడు తోటలు దాటాక వచ్చే పాలెం. వందా నూటపాతిక ఇళ్ళు. మగాళ్ళు వేటకి పోతారు, ఆడాళ్ళు చేపలమ్ముతారు. ఇళ్ళకీ నీళ్ళకీ మధ్యన ఇసకదిబ్బ మీద గంగమ్మ గుడి. గుడంటే మనిషి వంగి దూరేంత సిమెంటు గది. లోపల పసుపు పూసిన రాయి, ఆ రాతికి ఎవరో మొక్కుకుని చేయించిన వెండి కళ్ళు. పూజారంటూ ఎవరూ లేరు. ఏడాదికోసారి కొలుపు చేసినప్పుడు తప్ప అటువైపు సందడి ఉండదు. కానీ రోజూ సందెదీపం పెట్టడం మాత్రం పేరమ్మ అత్తవారింటి వంతు. పదహారేళ్ళ పిల్ల కాపరానికొచ్చిన మూడోనాడు, అత్తగారు గుడి దగ్గరికి తీసుకుపోయి నూనె సీసా చేతిలో పెట్టింది. "ఊపిరున్నన్నాళ్ళూ పెడతావా?" అని అడిగింది. "పెడతా" అంది పేరమ్మ. ఆ మాటకి నలభై తొమ్మిదేళ్ళు నిండాయి. పురుళ్ళప్పుడూ, మైల రోజుల్లోనూ ఇంకెవరో పెట్టారు. మిగతా రోజులన్నీ పేరమ్మే. మొగుడు తాగి తాగి లివరు చెడి పోయాడు. చేపల గంప మోసి మోసి మెడలూ మోకాళ్ళూ పట్టేస్తుంటే మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని ఇరవయ్యేళ్ళు మింగింది. వాటివల్లే కిడ్నీలు పోయుంటాయని డాక్టరన్నాడు.

పద్మజకి ఆ గుడంటే పడదు. ఊరికే పడకపోవడం కాదు, దాని నీడ కూడా తొక్కేది కాదు.

ఆరేళ్ళ కిందట కార్తీకమాసంలో ఆమె మొగుడు సాయిబాబు మరో ముగ్గురితో కలిసి బోటు మీద వేటకి పోయాడు. పోయేముందు గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టే పోయాడు. తిరిగొచ్చేటప్పుడు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇంజను ఆగింది. అల అడ్డంగా కొట్టి బోటు బోర్లాపడింది. ముగ్గురు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. సాయిబాబు మాత్రం మూడోనాడు సూర్యలంక వైపు కొట్టుకొచ్చాడు. బాపట్ల ఆసుపత్రిలో శవం మీద గుడ్డ తీసి చూపిస్తే పద్మజ మొగుణ్ణి గుర్తుపట్టలేకపోయింది. చేపలు మొహం ఉంచలేదు. లాగుజేబులో ప్లాస్టిక్ కవరులో చుట్టిన చిన్న ఫొటో ఒకటుంది. అది తన కూతురు నాగజ్యోతి స్కూలు ఫొటో. దాన్ని చూసి అవునని తలూపింది. నాగజ్యోతికి అప్పుడు పదకొండేళ్ళు.

పదకొండు రోజులు మైల. పన్నెండో రోజు సాయంత్రం పేరమ్మ తలకి పోసుకుని, తడిజుట్టు ముడేసుకుని, నూనె సీసా పట్టుకుని గడప దిగింది. వాకిట్లో కూర్చున్న పద్మజ, "నీ కొడుకుని మింగినదానికి దీపం పెట్టడానికి పోతున్నావా?" అంది. పేరమ్మ ఆగలేదు. ఆ తర్వాత రెండు నెలలు ఒకే కప్పు కింద ఉండి కూడా అత్తాకోడళ్ళు మాట్లాడుకోలేదు. చివరికి బతకాలి గనక మాట్లాడుకున్నారు. నిండు గంప తల మీదికి ఎత్తుకోవాలంటే రెండో మనిషి చెయ్యి కావాలి. కానీ ఆ సాయంత్రం మాత్రం పద్మజ గుండెల్లో ముల్లులా విరిగి ఉండిపోయింది.

ఆషాఢంలో మొదలైంది తెనాలి తిరుగుడు. సోమ, బుధ, శుక్రవారాలు. పొద్దున్నే ఆటోలో రేపల్లె, అక్కణ్ణించి రైలు. పదకొండింటికి పేరమ్మని లోపలికి తీసుకుపోయి ఎడంచేతికి రెండు సూదులు గుచ్చి మిషనుకి కలిపేవాళ్ళు. ఆ గదిలోకి తోడొచ్చినవాళ్ళని రానివ్వరు. మెట్ల దగ్గర సిమెంటు బల్ల మీద పద్మజ కూర్చునేది. పని అయ్యాక, మిషను చూసే కిరణ్ కుమార్ అనే అబ్బాయి పేరమ్మని చెయ్యి పట్టి బయటికి తీసుకొచ్చి, "అక్కా, మీ అత్తగారు" అని అప్పజెప్పేవాడు. మూడింటి బండి ఎక్కితే ఐదున్నరకల్లా పాలెంలో ఉండేవాళ్ళు.

రోజుకి అర లీటరుకి మించి నీళ్ళు తాగకూడదన్నారు. ఉప్పుచేప ముట్టకూడదు. అరటిపండు వద్దు, కొబ్బరి వద్దు. అంటే కొలుపు నాడు ప్రసాదం కూడా నోట్లో వేసుకోకూడదు. పేరమ్మ ఒక్కదానికీ సణగలేదు. ఐసుముక్క నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేది. సందెకి మాత్రం తూలుకుంటూనైనా దిబ్బ ఎక్కి దీపం పెట్టొచ్చేది.

వినాయకచవితి వెళ్ళిన వారంలో రేపల్లె స్టేషన్లో మెట్లు దిగుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. నుదురు చిట్లింది. ఆ సాయంత్రం ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెడితే మళ్ళీ లేవబోయింది.

"పడుకో. నేను పెట్టొస్తా" అంది పద్మజ.

పేరమ్మ ఆమె మొహంలోకి నిదానంగా చూసింది. "నువ్వా?"

"నేనే. రోజూ నేనే పెడతాలే. నువ్వు లేవమాక."

ముసలామె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పద్మజ అది చూడనట్టు నూనె సీసా తీసుకుని బయటపడింది.

జాలిపడి అన్న మాట కాదది. దారిలో ఏం చెయ్యాలనుకుందో ఆమెకే తెలీదు. గుడి తలుపు తీసింది. వెండి కళ్ళు రెండూ ఆమెని చూశాయి. అగ్గిపెట్టె చేతిలోనే ఉంది. గియ్యలేదు. ఒడ్డుకి లాగి పెట్టిన పడవ చాటున కాసేపు కూర్చుని, సీసాలో నూనె తగ్గినట్టు కనబడాలి గనక కొంచెం ఇసకలో వంపి, ఇంటికొచ్చింది.

"పెట్టావా?"

"పెట్టా."

"గాలికి ఆరకుండా తలుపు దగ్గరికేశావా?"

"వేశా."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. గుడిలోపల చీకటి పడేదాకా చూసి వచ్చేది. నా ఇల్లు చీకటి చేశావు, నువ్వూ చీకట్లో కూర్చో, అనుకునేది. ఆరేళ్ళుగా లేని నెమ్మది ఏదో ఆ పని చేసినప్పుడల్లా ఆమెకి దొరికేది. ఇంట్లో అత్త మాత్రం మెత్తబడింది. పద్మా, పద్మా అని పిలవడం, ఆమె తిన్నాకే తాను తినడం, నాగజ్యోతి బాపట్ల హాస్టలు నించి శనివారం వస్తే, "మీ అమ్మ మనసు మారిందే" అని చెప్పుకోవడం. అదంతా వింటూ పద్మజ గిన్నెలు తోముకునేది.

అలా నెల గడిచాక ఒక సాయంత్రం మస్తాన్‌రావు వచ్చాడు. ఆయన పేరమ్మకి మరిది, రెండు బోట్లున్నవాడు, పాలెంలో పెద్దమనిషి.

"వదినా, గుడిలో దీపం ఉండట్లేదేంటి? ఇందాక వల బాగుచేయించుకుంటూ అటు పోయా. కుందిలో చెమ్మ లేదు. వత్తి ఎండి దుమ్ము పట్టి ఉంది" అన్నాడు.

పొయ్యి దగ్గరున్న పద్మజ చేతిలో గరిటె ఆగిపోయింది. పేరమ్మ అప్పుడే తెనాలి నించి వచ్చి మంచం మీద ఒత్తిగిలి ఉంది. ఒకసారి పొయ్యి వైపు చూసింది.

"ఒంట్లో బాగాలేక నేనే మానేశా మస్తానూ" అంది.

"ఒక మాట చెప్తే మా ఆడది పెట్టేది గదా."

"రేపట్నించి పెడతాలే."

ఆయన వెళ్ళిపోయాడు. పద్మజ తిట్ల కోసం కాసుక్కూర్చుంది. తిడితే తిరిగి అనడానికి ఆరేళ్ళ నించి కూడబెట్టుకున్న మాటలున్నాయి. పేరమ్మ తిట్టలేదు. పెట్టిన నాలుగు మెతుకులూ తిని గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు గురువారం. తెనాలి లేదు. పద్మజ హార్బరులో చేపల వేలంపాటకి పోయి సాయంత్రానికి తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. నూనె సీసా లేదు. గంప వాకిట్లోనే పడేసి దిబ్బ వైపు పరిగెత్తింది.

దిబ్బకి సగంలో పేరమ్మ పాకుతూ కనబడింది. సూదులు గుచ్చే ఎడంచేతి మీద బరువు పడకూడదని చెప్పారు. అందుకని ఆ చేతిని గుండెకి అదిమి పట్టుకుని, కుడిచేత్తోనూ మోకాళ్ళతోనూ ఇసకలో పాకుతోంది. సీసాని కొంగులో కట్టి నడుముకి దోపుకుంది. నోటి నిండా ఇసక.

పద్మజ ఆవిణ్ణి చంకల కింద చేతులు వేసి లేపింది. "ఇంటికి పోదాం పద."

"పైకి తీసుకెళ్ళు."

తీసుకెళ్ళింది. పేరమ్మ కుంది తుడిచి, పాత వత్తి పారేసి, కొత్త వత్తి వేసి, నూనె పోసి వెలిగించింది. వెలిగించి, వెనక్కి తిరిగి, రాతి వైపు వీపు పెట్టి గడప మీద కూర్చుంది. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

పద్మజకి అప్పుడు తట్టింది. "దణ్ణం పెట్టుకోలేదేంటి?"

"పెట్టను. సాయిబాబు పోయిన కాడ్నించీ పెట్టలేదు."

పద్మజ అర్థంకానట్టు చూసింది. ఆరేళ్ళలో ఒక్కనాడూ అత్త వెనక ఇక్కడిదాకా వచ్చింది కాదు. ఆవిడ ఇక్కడ ఏం చేస్తుందో తనకి తెలుసనుకుంది.

"పన్నెండో రోజున నువ్వు అడిగావు గదా, దీపం పెట్టడానికి పోతున్నావా అని" అంది పేరమ్మ ఆయాసపడుతూ. "నేనొచ్చి అదే మాట ఈవిణ్ణి అడిగాను. నా బిడ్డని ఎందుకు తీసుకున్నావని. నోటికొచ్చినట్టు తిట్టాను. ఈవిడేం చెప్పలేదు. చెప్పేదాకా నీకు దణ్ణం పెట్టనన్నాను. ఆ నాటి నించీ నాకూ ఈవిడకీ మాటల్లేవు."

"మరి దీపం ఎందుకు?"

"పెడతానన్నా గదా." పేరమ్మ పెదాల మీది ఇసక తుడుచుకుంది. "మీ మామ తాగొచ్చి కొట్టిన రోజుల్లో ఆయనతో నెలలకి నెలలు మాట్లాడేదాన్ని కాదు. అయినా ఏ పూటా అన్నం పెట్టడం మానలేదు. పెట్టి అవతలకి పోయేదాన్ని. నేను చెయ్యాల్సింది నేను చేస్తుంటేనే, నువ్వు చేసిందేంటని అడగడానికి నాకు నోరుంటుంది. దీపం మానేస్తే ఇంక ఏం మొహం పెట్టుకుని అడగను?"

గాలి ఎక్కువైంది. పద్మజ లేచి తలుపు దగ్గరికేసి వచ్చింది. "నూనె ఇసకలో పోశాను" అంది. ఎందుకు చెప్పిందో తెలీదు, చెప్పేసింది.

"నెలరోజులు" అంది పేరమ్మ. గొంతులో కోపం లేదు. లెక్క చూసుకుంటున్నట్టుంది. "నీ మీద నాకు అనుమానం రాలేదు. నా బుద్ధితక్కువ. నీ కోపం సంగతి తెలిసి కూడా నీ చేతిలో పెట్టాను."

తిట్టినా బాగుండేది అనిపించింది పద్మజకి.

"ఇంక నువ్వు పెట్టమాక. నీ ఇష్టం లేకుండా నీ చేత పెట్టించను. నన్ను ఇక్కడిదాకా తీసుకురా, అంతే చాలు."

ఆ రోజు నించి పద్మజ ప్రతి సందెకీ అత్తని తీసుకొచ్చింది. నడవగలిగితే భుజం ఇచ్చేది, లేకపోతే మస్తాన్‌రావు ఇంట్లో చేపల ట్రేలు తోసే బండి అడిగి తెచ్చి, దాంట్లో గోనె పరిచి కూర్చోబెట్టి తోసేది. తాను గుడి లోపలికి పోయేది కాదు. బయట నిలబడేది.

మనిషి మాత్రం రోజురోజుకీ పాడవుతోంది. కాళ్ళు ఉబ్బాయి. వేలుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. పడుకుంటే ఊపిరాడదు. వారానికి మూడుసార్లు మిషను ఎక్కిస్తున్నా ఒంట్లో నీరు ఎందుకు తగ్గడం లేదో పద్మజకి అర్థం కాలేదు. దొంగతనంగా నీళ్ళు తాగుతోందనుకుంది. కుండ అటక మీద పెట్టి, "నా కళ్ళు కప్పి తాగమాక అత్తా. చస్తావు" అని కసిరింది. పేరమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

డిసెంబరులో తుపాను వచ్చింది. శుక్రవారం తెనాలి వెళ్ళొచ్చారు. ఆదివారం నించే వాన. సోమవారం రైళ్ళు ఆపేశారు. ఆ సాయంత్రం ఈదురుగాలిలో పద్మజ అత్తని వీపున మోసుకుని దిబ్బ ఎక్కింది. అగ్గిపుల్లలు తొమ్మిది ఆరాక పదోది అంటుకుంది. మంగళవారం మధ్యాహ్నం పోలీసులొచ్చి పాలెం మొత్తాన్నీ బస్సులెక్కించి రేపల్లెలో ఒక బళ్ళోకి చేర్చారు. నాగజ్యోతి బాపట్ల హాస్టల్లోనే ఉంది. ఫోన్లు పనిచెయ్యలేదు.

తరగతి గదిలో ముప్పై మంది. పేరమ్మ పడుకోలేక, గోడకి ఆనుకున్న పద్మజ ఒంటికి ఆనుకుని కూర్చుంది. ఊపిరి గరగరలాడుతోంది. అంబులెన్సుకి కబురు పెడితే తెనాలి రోడ్డు మీద చెట్లు పడ్డాయి, తెల్లవారాకే అన్నారు.

"పద్మా, పొద్దుగూకిందా?"

"గూకుతోంది."

"గుడి?"

మస్తాన్ చినమామ మనుషులు పెట్టొచ్చారత్తా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. పద్మజ దాన్ని మింగేసింది. "అక్కడెవరూ లేరు. పాలెమంతా ఇక్కడే ఉంది. దీపం లేదు."

పేరమ్మ కళ్ళు తెరిచింది. "నాకింకా ఊపిరుంది గదా" అంది.

పద్మజ ఆవిణ్ణి గోడకి ఆనించి, అన్నం వండుతున్న ఆయా దగ్గరికి పోయి స్టీలు మూతలో నూనె పోయించుకొచ్చింది. తన చీర అంచు చించి వత్తి చేసింది. పుల్ల గీసి పేరమ్మ వేళ్ళ మధ్య పెట్టి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుంది. వత్తి అంటుకుంది. సముద్రం ఏ వైపో అడిగి, ఆ వైపు కిటికీ కింద పెట్టించింది పేరమ్మ. గదిలో అందరూ మాటలాపి చూస్తున్నారు. ఇద్దరు ముగ్గురు ఆడాళ్ళు దణ్ణం పెట్టుకున్నారు. పేరమ్మ పెట్టుకోలేదు. ఆ దీపం వైపు చూస్తూ, "ఇప్పుడైనా చెప్పు" అంది. అది పద్మజకి మాత్రమే వినబడింది.

తెల్లవారాక అంబులెన్సు వచ్చింది. వేమూరు దాటకముందే పేరమ్మ పోయింది.

పాలెంలో సగం ఇళ్ళకి కప్పుల్లేవు. గుడి నడుముదాకా ఇసకలో పూడుకుపోయింది. రాయి ఉంది, వెండి కళ్ళు లేవు. పేరమ్మని ఒడ్డునే దహనం చేశారు. నాగజ్యోతి వచ్చి నాయనమ్మ చెప్పులు పట్టుకుని ఏడ్చింది. పద్మజకి ఏడుపు రాలేదు.

పెద్దకర్మ అయ్యాక మస్తాన్‌రావు వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. "అమ్మాయ్, రేపట్నించి దీపం నువ్వు పెట్టాలి. మీ ఇంటి వంతు గదా."

"నాకు ఆవిడంటే నమ్మకం లేదు చినమామా. లేనిదాన్ని ఉన్నట్టు చెయ్యలేను. ఒకసారి చేశాను, చాలు. మా అత్త మాట ఇచ్చింది. నేనివ్వలేదు."

"పోయేముందు వదిన నిన్ను పెట్టమనలేదా?"

"వద్దంది."

ఆయన నమ్మలేనట్టు చూశాడు. ఆయన భార్యే పెట్టడానికి ఒప్పుకుంది. మర్నాడు మగాళ్ళు గుడి చుట్టూ ఇసక తీస్తుంటే పద్మజ కూడా పార పట్టుకుని పోయింది. మధ్యాహ్నం దాకా తీసింది. గడప బయటపడ్డాక పార భుజాన వేసుకుని ఇంటికొచ్చేసింది.

గ్రామ సచివాలయంలో పేరమ్మ పింఛను ఆపడానికి ఆసుపత్రి ఫైలు కావాలన్నారు. దానికోసం పద్మజ తెనాలి వెళ్ళింది. కిరణ్ కుమార్ ఆమెని చూసి కూర్చోబెట్టి, ఫైలు వెతికి తెచ్చి, మంచినీళ్ళిచ్చాడు. పద్మజ ఊరికే కాగితాలు తిరగేసింది. ఒక్కో రోజుకి ఒక్కో కాగితం. ప్రతి కాగితం కిందా ఇంగ్లీషులో ఒకటే వాక్యం, పక్కన పేరమ్మ వేలిముద్ర.

"ఇదేంటి బాబూ?"

అతను ఇబ్బందిగా చూశాడు. "రోగి కోరిక మీద అరగంట ముందు తీసేశాం అని రాశామండి. మొత్తం నాలుగు గంటలు ఉండాలి. ఆవిడ మూడున్నరకే దిగిపోయేది. మూడింటి బండి తప్పితే సందెకి ఇల్లు చేరనండీ అనేది. డాక్టరుగారు చాలాసార్లు కేకలేశారు. వేలిముద్ర వేసి దిగిపోయేది. మీకు తెలీదా అక్కా?"

"తెలీదు."

"మీకు చెప్పొద్దంది. చెప్తే మా కోడలు ఆ బండి ఎక్కనివ్వదు అంది."

"ఆ అరగంట కూడా ఉండుంటే?"

"బతికేదని చెప్పలేమక్కా. ఒంట్లో నీరు ఇంకొంచెం దిగేది. తుపాను నాలుగు రోజులూ ఓర్చుకునేదేమో."

పద్మజకి కుండ అటకెక్కించిన రోజు గుర్తొచ్చింది. కాగితాలు వెనక్కి తిప్పి భాద్రపదం నాటి తారీఖుల దగ్గర ఆగింది. రేపల్లె స్టేషన్లో పడిన రోజు నించి మస్తాన్‌రావు వచ్చి అడిగిన రోజుదాకా ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టింది. పదమూడు వేలిముద్రలు. సందెకల్లా గుడిలో దీపం పడాలని పదమూడు అరగంటలు వదులుకుని ముసలామె ఆ మంచం దిగి వచ్చింది. తాను ఆ పదమూడు సాయంత్రాలూ పడవ చాటున కూర్చుని నూనె ఇసకలో వంపింది.

ఫైలు కొంగు కింద పెట్టుకుని స్టేషనుకి నడిచింది. బండి సిద్ధంగానే ఉంది. ఎదురుగా ఒకామె కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. ఎడంచేతికి పద్మజ బాగా ఎరిగిన కట్టు ఉంది. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. భట్టిప్రోలు దగ్గర కళ్ళు తెరిచి నవ్వింది.

"వదినా, నాలుగు గంటలూ ఉంటున్నావా?" అని అడిగింది పద్మజ.

ఆమె తెల్లబోయింది. "ఒక్కోసారి ముందే తీయించుకుంటా. ఇంట్లో పనుంటది గదమ్మా."

"తీయించుకోమాక. పనులు ఆగుతాయి."

"మీ ఇంట్లో ఎవరికన్నా ఉందా?"

"మా అత్తకి. పోయింది, తుపానప్పుడు."

"అయ్యో. మంచిదా?"

బండి ఒక కాలవ దాటి ఇంకో కాలవ మీదికొచ్చింది. ఎదుటామె ఇంక జవాబు రాదనుకుని తల తిప్పుకోబోయింది.

"నలభై తొమ్మిదేళ్ళు ఒక మాట మీద ఉంది" అంది పద్మజ. "నెలరోజులు నేనే తప్పించాను."

ఆ మాట ఆమెకి అర్థమై ఉండదు. అయినా తల పంకించి, సంచిలోంచి రెండు జామకాయలు తీసి, తాను తినకూడదని చెప్పి, రెండూ పద్మజ చేతిలో పెట్టింది.